మీ అక్క తీసిన కార్డు

ఒరేయ్ నరేషూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ కోరుట్లలో మీ ఇంట్లోనే మళ్లీ నీ ఆట ఆడాం. అదే, మనమంతా మాయలు తెలిసిన హంతకులమై, టారో కార్డు తీసి, అందులో వచ్చిన బొమ్మనుబట్టి కథ నడిపే ఆట. ఆడడానికి నువ్వు లేవు కనక, నువ్వాడించిన హంతకుడికి కథలో చావు రాసేద్దామనుకున్నాం.

"ఇయ్యాల వాణ్ణి సంపుదాం," అని నేనంటుంటే, సిరిసిల్ల నుంచి వచ్చిన మీ అక్క వింది.

"ఎవల్ని సంపుతరు? వాడు నా తమ్ముని మనిషి. వాణ్ణి నేనాడిస్త," అంటూ మా మధ్య కూర్చుంది.

తను తీసిన మొదటి కార్డే మృత్యువు. ఇంకోటి తియ్యమన్నాం. అక్క మాత్రం గుర్రం మీది ఎముకల మనిషిని తేరిపార చూసి, "గుర్రం మంచిగుంది. మనోడు గీ గుర్రమెక్కి కోట దాటిపోతడు," అంది. అలాగే దాటించింది. కథలో వాడు చంపాల్సిన దొరను కూడా బెదిరించి వదిలేయించింది. నువ్వుంటే పడీపడీ నవ్వేవాడివిరా.

ఆటయ్యాక, నీ హంతకుడి వివరాలు రాసుకున్న కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అచ్చే ఆదివారం తెస్త. నేను రాకముందు ఆడకుండ్రి," అంది.

నీ శీను