ఇల్లు ఖాళీ చేయను

జూన్ 4

లిఫ్టు పక్కన అతికించిన నోటీసు చింపేశాను. తప్పే. చింపి, నలిపి, చేతిసంచిలో వేసుకుని పైకి వచ్చాను. ఇప్పుడు బల్ల మీద సాపు చేసి మళ్లీ చదువుతున్నాను.

మన ఫ్లాట్ల లీజు కాలం తరిగిపోతోందట. కమిటీ ఛైర్మన్ రాశాడు, బిల్డర్‌తో కలిసి తిరిగే మనిషి. నెలాఖరు మీటింగ్‌లోపు యజమానుల్లో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేస్తే లీజు పొడిగించమని ప్రభుత్వానికి దరఖాస్తు పెడతారు. చేయకపోతే బిల్డర్‌తో మాటలు... కూలగొట్టి కొత్త టవర్.

ఆయన ఉంటే "చూద్దాంలే" అనేవారు. పెళ్లయిన నాటి నుంచీ ఆ చూద్దాంలే వింటూనే ఉన్నాను. ఇక చూసేది లేదు.

జూన్ 5

సుంగై సిపుట్ ఊరి నుంచి వదిన ఫోన్, ఆయన అక్క. తన తమ్ముడు, మా ఆయన, పోయి మూడు నెలలు. అయినా గొంతులో ఆ దబాయింపు తగ్గలేదు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతానని చెప్పాను.

"ఏటే, పిచ్చెక్కినాదా నీకు? మొగుడు పోయి ఏడాది తిరక్కుండా ఒకరి గుమ్మం తొక్కుతావా? జనం ఏటనుకుంటారు?"

"ఇల్లు పోతే జనం తెచ్చిస్తారా వదినా?"

టక్కున పెట్టేసింది.

జూన్ 7

పక్కింటి లిమ్ ఆంటీ గ్రిల్లు తీయలేదు. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు గంజి కాచి పంపిన మనిషి! కోడలు బాలింత, లోపల పసిబిడ్డ. చావు జరిగిన ఇంటి మనిషి గడప దాటి రాకూడదు — చైనీస్ వాళ్లకీ ఉంది ఆ పట్టింపు. "తర్వాత లా, తర్వాత" అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తోనే, నా ముఖం చూడకుండా.

కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. నేనేమన్నా అంటురోగాన్నా?

నాకీ పట్టింపులు లేవు. వాళ్లకున్నాయి. బాలింతను భయపెట్టి సంతకం తెచ్చుకోవడం నాకు చేతకాదు. మరేం చేయాలి...

జూన్ 8

గడప తొక్కకూడదు. సరే. లిఫ్టుకి గడప లేదు కదా!

కింద, లిఫ్టు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో కాగితాలు, కలం. ఎవరైనా ఇంటికి పోవాలంటే నా ముందు నుంచే పోవాలి.

జూన్ 11

మొదటి సంతకం మూడో అంతస్తు కాక్ హలీమాది, అంటే హలీమా అక్కది. చేసి వెళ్లిపోలేదు. ఇంట్లోంచి స్టూలు, కూర పెట్టిన కజ్జికాయల్లాంటి వేడి కరిపాప్‌లు తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది. తినమని అందరికీ చేతిలో పెడుతుంది. తిన్నాక సంతకం పెట్టకుండా ఎలా కదులుతారు?

నన్ను తప్పించుకోవాలంటే మెట్లున్నాయి. అన్ని అంతస్తులు ఎక్కే మోకాళ్లు ఈ బిల్డింగ్‌లో కొందరికే ఉన్నాయి.

జూన్ 14

ఛైర్మన్ వచ్చాడు. సెంటు ముందొచ్చింది, వెనక అతను.

"ఇక్కడ కుర్చీ వేయకూడదు ఆంటీ. ఫైర్ రూల్."

"మంటలొస్తే ముందు నేనే లేస్తానయ్యా."

నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు — "అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నారు. మీది మాత్రం చెల్లదు ఆంటీ. ఫ్లాట్ అంకుల్ పేరున ఉంది. అంకుల్ లేరు కదా."

లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లంతా విన్నారు. హలీమా నా చేయి పట్టుకుంది. 

జూన్ 15

లాయర్ దగ్గరికి వెళ్లొచ్చాను. నిజమే. కోర్టు నుంచి కాగితం రావాలి. పైగా ఆయన వీలునామా రాయలేదు. చూద్దాంలే! అందుకని ఇంట్లో మూడింట రెండు వంతులు కూతురు సుధవి, నాది ఒక వంతు. నా పేరున మార్చాలంటే సుధ తన వాటా వదులుకుంటానని సంతకం చేయాలి.

నేను ఊడ్చిన ఇల్లు. నేను సున్నం వేయించిన గోడలు. ఒక వంతట.

జూన్ 16

సైబర్‌జయలో ఉన్న సుధకి ఫోన్ చేశాను.

"అమ్మేద్దాం లా అమ్మా. నా దగ్గరకి వచ్చేయ్. లిఫ్టు కాడ కూర్చుంటున్నావంట, నాకు సిగ్గు లా. నాన్న లేరు, అక్కడ ఏముంది నీకు?"

"నేనున్నాను" అన్నాను. 

జూన్ 17

కుర్చీ వేయలేదు.

జూన్ 18

వేశాను. నా సంతకం చెల్లకపోతే చెల్లకపోనీ. మిగతావాళ్లవి చెల్లుతాయి కదా.

జూన్ 20

లిఫ్టు తలుపు తెరుచుకోకముందే వెనక నుంచి ఆ దబాయింపు — "ఇదేనేటి నీ ఆఫీసు?"

వదిన! చేతిలో సంచి, బస్సులో నలిగిన చీర. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. నా ఒళ్లోంచి కాగితాలు లాక్కుంది.

"నువ్వు కూకో. నాను వెళ్తాను. పెళ్లయి ఇంకో ఇంటికి పోయినదాన్ని, నాకు మూడు దినాల మైలే. ఎప్పుడో తానం సేసేసినాను. ఏ గుమ్మం తొక్కినా నన్నెవుడూ అననేడు. మా తమ్ముడి కొంప కూలదోస్తారా ఈళ్లు!"

జూన్ 23

వదినకి ఇంగ్లీషు రాదు, చైనీస్ అసలే రాదు. బజారు మలయ్‌తోనే అన్ని తలుపులూ తీయించింది. లిమ్ ఆంటీ ఇంట్లో పసిబిడ్డను ఒళ్లో వేసుకుని నలుగు పెట్టి మరీ వచ్చిందట. ఆ ఇంటి సంతకం, వాళ్ల చుట్టాల ఫ్లాట్ సంతకం కూడా తెచ్చింది.

అన్నం తింటూ తింటూ ఆగిపోయింది. "మూడు దినాలేనంట నాకు. ఎత్తుకు పెంచినాను ఆణ్ణి. మూడు దినాల్లో అయిపోతాదేటే?"

లేచి పెరుగు వడ్డించాను. ఇద్దరం ఏడ్చాం.

జూన్ 27

మీటింగ్. నన్ను వెనక వరసలో కూర్చోమన్నారు, ఓటు లేదు కనుక. ముందు వరసలో కూర్చున్నాను. ఎవరూ లేపలేదు.

బొటాబొటిగా నెగ్గింది. ఛైర్మన్ ముఖం చూడాలి! దరఖాస్తు వెళ్తుంది. ప్రభుత్వం ఒప్పుకుంటుందో లేదో, ఎప్పటికి చెబుతుందో ఎవరికీ తెలియదు. బిల్డర్ మనుషులు అప్పుడే విడివిడిగా ఇళ్లకి వెళ్లి బేరాలు మొదలుపెట్టారట. ఇక మా ఇల్లు సుధ చేతిలో ఉంది.

జూన్ 28

సుధ కారేసుకుని వచ్చింది. వాటా వదులుకునే లాయర్ కాగితం ముందు పెట్టాను. బతిమాలలేదు. "నీ వాటా నీది. అమ్ముకుంటానంటే ఆపలేను. నేను మాత్రం లేవను, నలుగురు వచ్చి ఎత్తుకుపోవాల్సిందే" అన్నాను.

చాలాసేపు చదివింది. కలం చేతిలోకి తీసుకుంది.

"పొడిగిస్తే ఎన్నేళ్లు ఇస్తారమ్మా?"

"తొంభై తొమ్మిది అడిగాం."

"నీకెందుకమ్మా తొంభై తొమ్మిదేళ్లు?"

వదిన వంటింట్లోంచి తొంగి చూసింది.

"నాకు కావాలి" అన్నాను.

సుధ నవ్వలేదు. కలం ఇంకా సంతకం గీత మీదే పట్టుకుని ఉంది.