వణుకు మానిన ఓడ

మకస్సర్

ఓడల కార్ఖానా ఇంజినీరు సుమార్ని అమ్మగారికి కెప్టెన్ పతావారి సలాములు.

తమరు కట్టిన ఓడ వేగం అందుకోగానే ప్రయాణికుల హాలు నేలకి పూనకం వస్తోంది. కాఫీ గ్లాసు ఒకరి ముందు పెడితే పక్కవాడు తాగేస్తున్నాడు. మీ మనిషి వచ్చి, ఓడని రేవుకి కట్టించి, ఇంజను ఆపించి, "వణుకు లేదు" అని రాసుకుపోయాడు. ఎంత తెలివి! రంజాను నెల ముగిసే లెబరాన్ పండగ ముందు రేవు అధికారి తనిఖీకొస్తాడు. నేల వణికితే ఈ దారి వేరే ఓడకిచ్చేస్తాడు.

ఇట్లు, ఊగుతూ రాస్తున్న
పతావారి

తా.క. తప్పంతా మీ వెల్డింగుదే.

సురబయ

కెప్టెన్ గారికి సలాములు.

నేల కింద ఇనుప పట్టీలు గట్టిగానే ఉన్నాయి. వాటి మధ్య రేకే డప్పులా మోగుతోంది. వణుకుని మింగే రబ్బరు పలకలు నలభై పంపుతున్నాను. నేల అడుగున, పట్టీల మధ్య, జిగురుతో అంటించండి.

మీ
సుమార్ని

తా.క. మళ్ళీ చెబుతున్నాను, అడుగున.

మకస్సర్

ఇంజినీరమ్మగారికి,

ఇంత మెత్తటి పలకల్ని ఇంజను గది చీకట్లో అంటిస్తే ఎవరు చూస్తారమ్మా? నేల మీదే పరిపించాను. జనం చెప్పులు విప్పి హాయిగా పడుకుంటున్నారు. రేవు వచ్చినా అవ్వలు దిగనంటున్నారు. వణుకు మాత్రం అలాగే ఉంది. గొప్ప సరుకే పంపారు!

పతావారి

తా.క. ఇంకో ఇరవై పంపండి. వెనక వరసవాళ్ళు అలిగారు.

సురబయ

కెప్టెన్ గారూ,

పరుపులు కావాలంటే పరుపుల కొట్టుకి రాయండి. పలకలు తీసి, రేకు మీది రంగు గీకేసి, అడుగున అంటించండి. అప్పటికీ వణికితే ఓడ విప్పి మళ్ళీ కడతాను.

సుమార్ని

తా.క. ముందు అవ్వల్ని లేపండి.

మకస్సర్

గౌరవనీయులైన ఇంజినీరమ్మగారికి,

అంటించాం. అధికారి వచ్చి హాల్లో కూర్చున్నాడు. ఓడ పూర్తి వేగంలో ఉన్నా గ్లాసులో కాఫీ కదల్లేదు. సంతకానికి కలం తీశాడు. ఆ నిశ్శబ్దంలో కింద నుంచి మా మెకానిక్ బొరహిమా గొంతు ఖంగుమంది. ఇన్నాళ్ళూ ఆ మోతలో వాడి అరుపు మాకు వినపడేది కాదు.

"పగడపు దిబ్బకి గుద్ది ప్రొపెల్లర్ రెక్క వంచి ఈ వణుకు తెచ్చింది మన కెప్టెన్ మహానుభావుడే! ఆ ముక్క ఓనరుకి చెప్పలేక, పాపం ఆ ఇంజినీరమ్మని తిడతాడు!"

అధికారి కలం జేబులో పెట్టుకున్నాడు. రెక్క సరిచేసేదాకా ఓడ కదలకూడదట. పండగకి మా దారి వేరే ఓడకి పోయింది. సిగ్గుగా ఉందమ్మా, క్షమించండి. మీ పలకలు బ్రహ్మాండంగా పనిచేశాయి.

మీ
పతావారి

తా.క. రెండు పలకలు మిగిలాయి. బొరహిమా నోటికి ఇదే జిగురు సరిపోతుందా?