ఎడమ చేతి పరీక్ష

మార్చి 9, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నా చేతులతో సహా. ఆ చేతుల సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. నెలన్నరగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద పడ్డాను. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చింపు.

నిన్న మీ అక్క నన్ను చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లింది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, ఏం పని చేస్తారని అడిగింది. నాటక కంపెనీలో మేకప్పు వేస్తానని, ఏ కొత్త రంగు వచ్చినా ముందు నా ఎడమ చేతికి రాసుకుని ఒక రోజు ఆగందే నటుల ముఖానికి పెట్టనని, ఇరవై ఏళ్లుగా అదే నా పద్ధతని గొప్పగా చెప్పాను. మరి ఈ దద్దురు కుడి చేతి మీద కూడా ఎందుకొచ్చిందండీ అంది. మీ అక్క నా వైపు గుచ్చి చూసింది.

ఇది చాలామందికి వచ్చే దద్దురేనట. మామూలుగా ముందు ఛాతీ మీదో వీపు మీదో ఒక పెద్ద మచ్చ వస్తుందట, వారం పది రోజులకు పిల్ల మచ్చలు బోలెడు లేస్తాయట. ఎవరో ఒకరికి మాత్రం ఆ పెద్ద మచ్చ రాకుండానే, ఒంటిని వదిలేసి చేతుల మీదే దిగుతుందట. అందుకే ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఇది రంగుల వల్ల వచ్చేది కాదు, కొన్ని వారాల్లో దానంతటదే పోతుందని చెప్పి, మందు చీటీ కూడా రాయకుండా పంపేసింది. ఊరందరికీ వేషాలు వేసే నన్ను, ఒక దద్దురు వేషం మార్చుకొచ్చి బోల్తా కొట్టించింది.

నువ్వు ఏడాదిపాటు కూర్చుని నూరిన గులాబి రంగు వల్లే ఇలా అయిందని కంపెనీ అంతా నమ్మింది. మేనేజరు నీ డబ్బాలన్నీ తిప్పి పంపాడు. నువ్వు రంగులు కలపడం మానేసి, గోడల రంగుల కొట్టులో చేరావని విన్నాక నాకు అన్నం సహించలేదు. పొద్దున్నే మేనేజరుకు ఫోను చేసి డాక్టరమ్మ మాట చెప్పాను. వెంటనే నీ రంగులు తెప్పించమన్నాడు. ఆ సంబరంలో మీ అక్క ఇన్నాళ్లకు నాతో నవ్వుతూ మాట్లాడింది, కాఫీలో చక్కెర కూడా వేసింది. నన్ను తిట్టడానికైనా ఒకసారి రా.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న మీ బావ

తా.క.: మీ అక్క ఇది చదివి, లోపలికి వెళ్లి, నీ గులాబి రంగు డబ్బా తెచ్చి ఈ కాగితం మీద పెట్టింది. నా మేకప్పు పెట్టె అడుగున దొరికిందట. మూత మీద నువ్వు అంటించిన సీలు అలాగే ఉంది. నేను దాన్ని విప్పనే లేదురా. అది వచ్చిన వారం వరసగా నాటకాలు. పరీక్ష చేయడానికి బద్ధకించి, చేశాననే చెప్పాను. దద్దుర్లు లేచాక అందరూ నీ రంగునే అన్నారు. విప్పలేదని చెబితే నా ఇరవై ఏళ్ల పద్ధతి నవ్వులపాలవుతుందని తల ఊపాను. వచ్చే ఆదివారం పదింటికి కంపెనీలో అందరి ముందూ ఈ మాట చెప్పి, సీలు తీసి, ఏ పరీక్షా లేకుండా నా ముఖానికే పూసుకుంటాను. అద్దం పట్టుకోవడానికి నువ్వు కావాలి.