నేను వదలమనేదాకా

అత్తయ్యా,

కారు తాళం మీ మందుల డబ్బాలో పెట్టాను. మీ అబ్బాయి అడిగినా ఇవ్వకండి. "రెండుసార్లు తొక్కితే బ్రేకు గట్టిపడుతోంది కదా" అంటారు. అలా గట్టిపడుతోందంటేనే పైపులో ఇంకా గాలి ఉన్నట్టు. ఎదురుగా లారీ వస్తే రెండోసారి తొక్కే టైము ఉండదు.

నిన్న నేను చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నట్టు బిగించకముందే, ఎదురింటికి ఎవరో వచ్చారని తొంగిచూడబోయి మీరు పెడల్ మీంచి కాలు తీసేశారు. పోయిన గాలి మళ్లీ లోపలికొచ్చింది. సాయంత్రం నేను రాగానే ఇంకోసారి చేద్దాం. రేపు మామయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈసారి నేను "వదలండి" అనేదాకా కాలు అదిమే ఉంచండి. ఇంట్లో ఏ గొడవనూ అంత తొందరగా వదలరు కదా, ఇదీ అలాంటిదే అనుకోండి.

మీ అబ్బాయిని కూర్చోబెడదాం అనకండి. ఆయన్ని తొక్కమంటే "ఎందుకు?" అంటారు. ఈ పనికి మీరే కావాలి.

బ్రేక్ ఆయిల్ సీసా మూత తియ్యకండి, పాడవుతుంది.

చెప్పడం మరిచాను. మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లెక్కలేని మీరు నిన్న గంటసేపు పెడల్ తొక్కారు. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. మేడ మీద బట్టలు మధ్యాహ్నానికి ఆరిపోతాయి, తెచ్చెయ్యండి.