ధ్రువుడని నేను చూపించిన చుక్క

చెరువుగట్టు మకాం,
భీమవరం దగ్గర,
20 ఫిబ్రవరి 2025.

సకల సముద్ర విశారదుడు, నాలుగేళ్ళు నా బెంచీ పంచుకున్నవాడు, ఇటీవల నా నంబరు బ్లాక్ చేసినవాడు అయిన శ్రీ విజయ్ పాల్ గారికి ఫణీంద్ర అనేక నమస్కారములతో వ్రాయునది. ఇక్కడ మేము, అనగా నేను, మా నాన్న, నాలుగెకరాల రొయ్యలు, క్షేమం. అక్కడ మీ క్షేమం అడిగే ముఖం నాకు లేదు గనక ఆ వాక్యం ఖాళీగా వదిలేస్తున్నాను.

ఒరేయ్ పాలూ, పోస్టాఫీసులో కవరు అడిగితే గుమాస్తాగారు "ఉద్యోగానికి దరఖాస్తాండీ?" అన్నారు. క్షమాపణ అని చెప్పడానికి నామోషీ వేసి "అవునండి" అన్నాను. ఆలోచిస్తే అది నిజమే. నీ స్నేహితుడి ఉద్యోగానికి మళ్ళీ దరఖాస్తు పెడుతున్నాను. అనుభవం నాలుగేళ్ళు. తొలగింపుకు కారణం కింద వివరించడమైనది.

పోయిన నెల మీ పడవ రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోయిందని అప్పుడే విన్నాను. నీ నంబరుకి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఎందుకు బ్లాక్ చేశావో తెలిసింది మాత్రం పన్నెండు రోజుల కిందట. నాన్న బీపీ మందులకి ఆసుపత్రికి వెళ్తే మీ అక్క కృపారాణి గారు నర్సు డ్యూటీలో ఉన్నారు. నన్ను చూడగానే, రోగిని కాకపోయినా, ఆ బీపీ పట్టీ నా చేతికి చుట్టి గాలి కొట్టడం మొదలెట్టారు. వేళ్ళు నీలంగా మారాయి. "ఫణీంద్రగారూ, మా తమ్ముడికి చుక్కలు చూపించింది తమరేనటగా?" అన్నారు. తర్వాత అంతా చెప్పారు.

ఆ రాత్రి వల లాగి కలాసీలిద్దరూ పడుకున్నారట. తొమ్మిదింటికి నీ ఫోన్ చచ్చిపోయింది. దాంతోపాటు మ్యాపూ పోయింది. మీ నాన్నగారు ఇంజను ఆపి, "ఆకాశం అడుగున మంచు పట్టేసిందిరా. రెండు గంటలు ఆగుదాం. ముసలమ్మ మంచం పైకి లేస్తే తలవైపు కోళ్ళు రెండూ ఉత్తరం చూపిత్తాయి" అన్నారట. మేం సప్తర్షులనే ఏడు చుక్కల్లో ఆయన నాలుగింటిని మంచమనీ, మిగతా మూడింటిని దాన్ని ఎత్తుకుపోయే దొంగలనీ అంటారని అక్కే చెప్పారు. నువ్వేమో, "మంచాలూ కుర్చీలూ ఎందుకు నాన్నా, అదిగో ధ్రువుడు, మా ఆస్ట్రానమీ క్లబ్బు ప్రెసిడెంటే చూపించాడు" అన్నావట. ఆయన ఆ చుక్కకేసి కాసేపు చూసి, "సదువుకున్నోడివి, నీకే తెలియాల" అని చుక్కాని నీ చేతికిచ్చారట.

ఆ ప్రెసిడెంటును నేనే. డిసెంబరు 31 రాత్రి పేరుపాలెం బీచ్‌లో, సముద్రానికి వీపు పెట్టి, ఒక చేత్తో కేకు ముక్క పట్టుకుని, రెండో చెయ్యి సరుగుడు తోట పైకెత్తి, "ఉత్తరాన అన్నిటికంటే పెద్దగా మెరిసేదే ధ్రువుడు, నాయనా" అని ఉపదేశించిన స్వాములవారిని కూడా నేనే.

ఆ చుక్క పేరు బ్రహ్మహృదయం. రాత్రి తొమ్మిదింటికి అది నిజంగానే ఉత్తరాన ఉంటుంది. నిన్ను మోసం చేసింది అదే. ధ్రువుడైతే ఉన్నచోటే ఉండేవాడు. ఇది గంట గంటకూ పడమరకు దిగుతుంది. అది దిగినకొద్దీ నువ్వు పడవ ముక్కు అటే తిప్పుకుంటూ పోయావు. తెల్లవారుజామున నాలుగింటికి అది వాయవ్యాన నీళ్ళలోకి దిగిపోయింది. డీజిలూ అప్పుడే అయిపోయింది. తర్వాత రెండు రోజులు, నలుగురికి మూడు లీటర్ల నీళ్ళు, బందరు వైపు పడవలు చూసేదాకా. ఇక్కడో హాస్యం రాద్దామని అరగంట కూర్చున్నాను. రాలేదు.

ఒడ్డెక్కగానే మీ నాన్నగారు, "దారి నేనే తప్పాను" అన్నారట. ముప్ఫయ్యేళ్ళు వేటకెళ్ళిన మనిషిని ఇప్పుడు రేవులో, "చిట్టియ్యా, ఇంటికి దారి తెలుసా, దింపి రమ్మంటావా?" అంటున్నారట. కలాసీలిద్దరూ వేరే పడవెక్కేశారు. కొత్తవాళ్ళు ఎవరూ రావడం లేదు. మీ పడవ దాదాపు నెలగా ఇసకలోనే ఉంది. నువ్వు నిజం చెప్పబోతే ఆయన, "నోర్ముయ్. నన్ను చూసి నవ్వితే నాతో పోద్ది. నిన్ను చూసి నవ్వితే నీ సదువుని నవ్వినట్టు" అన్నారని చెప్పేటప్పుడు మీ అక్క నా చేతి పట్టీ విప్పేశారు. విప్పకుండా ఉంటే బాగుండుననిపించింది.

కాబట్టి ముద్దాయి తన నేరం ఒప్పుకుంటున్నాడు. అది నా వేళాకోళం. బ్రహ్మహృదయమని తెలిసే ధ్రువుడన్నాను. వేటకెళ్ళే ఇంటి పిల్లాడివి, ఇట్టే పట్టేసి నాలుగు తిట్లు తిడతావనుకున్నాను. నువ్వు బుద్ధిగా తలూపావు. తర్వాత చెబుదామనుకుని మరిచిపోయాను. నవ్వులాట ఎక్కడ ఆపాలో తెలియని వెధవనని కాలేజీ అంతటికీ తెలిసిందే. క్షమించరా.

ఇట్లు,
పదవీచ్యుత ప్రెసిడెంటు,
ఫణీంద్ర.

తా.క. అంటించిన కవరు మళ్ళీ విప్పాను. ముద్దాయి ఒప్పుకోలు అబద్ధం. అది వేళాకోళం కాదురా. నాకు నిజంగానే తెలియదు. బ్రహ్మహృదయం అనే మాట నేను మొదటిసారి విన్నదే పన్నెండు రోజుల కిందట. ధ్రువుడంటే ఉత్తరాన అన్నిటికంటే పెద్ద చుక్క అని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను, ఎప్పుడూ సరిచూసుకోలేదు. క్లబ్బుకి నన్ను ప్రెసిడెంటుని చేసింది టీషర్టులు మా నాన్న డబ్బుతో కొట్టించినందుకు.

మీ అక్క చెప్పిన రాత్రే చెరువుగట్టు మీద మేత బకెట్టు బోర్లించి కూర్చుని, నా ధ్రువుణ్ణి కరెంటు స్తంభం అంచుకు ఆనించి చూశాను. పది నిమిషాల్లో స్తంభం వెనక్కి పోయాడు. ఇంత చిన్న పరీక్ష నాలుగేళ్ళలో ఒక్కసారీ చెయ్యలేదు. వెధవనంటే తిట్టి ఊరుకుంటావు, తెలియనివాడినంటే నవ్వుతావని భయపడి పైదంతా అలా రాశాను. మీ నాన్నగారు ఆ నవ్వునే నెలరోజులుగా రేవులో నిలబడి పడుతున్నారు.

మార్చి రెండు, ఆదివారం, ప్రార్థన అయ్యాక మీ రేవుకి వస్తాను. అందరి ముందూ ఈ తా.క. ఒక్కటే చదువుతాను. నవ్వితే నా చదువుని నవ్వుతారు, నీ చదువుని కాదు. మీ నాన్నగారికి ముందే చెప్పకు, ఆపేస్తారు. చీకటి పడేదాకా ఉంటాను.

నిన్న రాత్రి ముసలమ్మ మంచం తలవైపు కోళ్ళు రెండూ కలిపి, ఆ దూరాన్నే ముందుకి ఐదుసార్లు కొలుచుకుంటూ పోతే ధ్రువుడు దొరికాడు. స్తంభం అంచున పెడితే రెండు గంటలైనా కదల్లేదు. కానీ ఎంత మసక చుక్క అంటే, నేను చూపిస్తే మీ రేవులో ఎవరూ నమ్మరు. మీ నాన్నగారే చూపించాలి.