ఆవలి లోయ రాతికుందేళ్లు

తుర్దుబెక్ బాబాయికి,

నువ్వు ఆవలి లోయ నుంచి సంచిలో పట్టుకొచ్చిన రాతికుందేళ్లను మంచు పడేలోపు వెనక్కి తీసుకెళ్లు. మా దారిపనివాళ్లు బండలు పేల్చాక మన లోయవి చచ్చిపోయాయనీ, అవి బండల సందుల్లో ఆరబెట్టి దాచే ఎండుగడ్డి చలికాలం మన గొర్రెలకు దొరకదనీ వీటిని తెచ్చావు. నేను వద్దంటే, "ఎలుకంత జీవికి సొంతూరేమిట్రా?" అని అందరి ముందూ నవ్వావు.

ఉంది బాబాయ్! హిమయుగంలో ఈ రెండు లోయల మధ్య వేల ఏళ్లు మంచు అడ్డం నిలిచింది. అటువి అటే, ఇటువి ఇటే ఉండిపోయి వేరు జాతులయ్యాయి. ఒకదాన్నొకటి పిలుచుకునే ఈలలే కలవవు, ఇక జతేం కడతాయి? బండల కోసం కొట్టుకుంటాయి, అంతే.

నిన్న పొద్దున పేల్చిన బండల కింద మనవాటి ఈల విన్నాను. పక్కనే పిడికెడు పచ్చగడ్డి ఆరేసి ఉంది. గుర్రానికి జీను వేసి ఉంచుతాను. తిట్టుకుంటూనైనా రా.

నీ అన్న కొడుకు