బిగుసుకుపోయిన మావయ్య

ఆదివారం, కనకాలపేట

దరియాలతిప్ప నుంచి మావయ్య చేపలు పట్టుకొచ్చాడు. అవి అమ్మకిచ్చి ఊరుకోకుండా నాకు క్లాసు పీకాడు. "బొమ్మలేసుకోడం కూడా ఓ చదువేంటే? శుభ్రంగా డిగ్రీ చేసి గవర్నమెంటు ఉద్యోగానికి రాసుకో!" నోటితో పాటు ఆయన చేతులు, తల, భుజం మీద తువ్వాలు, అన్నీ నన్ను తిట్టాయి.

యానిమేషన్ కాలేజీకి పంపాల్సిన బొమ్మల గురించి మా ఆన్‌లైన్ సార్ ఎప్పుడూ ఒకటే మాట చెబుతారు. కార్టూన్ హీరోల్ని మక్కీకి మక్కీ దించినవన్నీ చింపి పారెయ్యండి, కళ్ల ముందు కదిలే మనిషిని గబగబా గీయండి అని. నా కళ్ల ముందు మావయ్యే ఉన్నాడు. తిడుతున్నంతసేపూ గీస్తూనే ఉన్నా. తల వంచుకున్నానని, బుద్ధిగా వింటున్నాననుకున్నాడు పాపం.

అమ్మ తొంగిచూసి పగలబడి నవ్వింది. "అన్నయ్యా, అచ్చం నువ్వే!"

మావయ్య కాగితం లాక్కున్నాడు. చింపేస్తాడేమోనని కాగితానికి చెయ్యి చాచా. చింపితే మళ్లీ వేస్తా, అంతే. సీటొస్తుందో రాదో తెలీదు. ఆ భయానికి రాత్రి చేపల పులుసు కూడా సయించలేదు. రాకపోతే మళ్లీ ఎంట్రన్సు పరీక్ష రాసి బొమ్మలు పంపుతా గానీ, ఈ బొమ్మల చదువే చదువుతా.

ఆయన చింపలేదు. చొక్కా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, ఫొటో స్టూడియోలో లాగా కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు సరిగ్గా వెయ్యి."

"అలా కూర్చుంటే నాకు పనికిరావు మావయ్యా" అన్నా. "లేచి, ఇందాకట్లాగే తిట్టు."